మొక్క తన రక్షణకు పెట్టే ఖర్చు

నాలుగు ఆవాలు నోట్లో వేసుకుని నమలకుండా మింగేస్తే ఏమీ తెలియదు. అవే ఆవాలను కాసిని నీళ్లు చిలకరించి రోట్లో నూరితే ముక్కుపుటాలు అదురుతాయి, కళ్ల వెంట నీళ్లు కారతాయి. మళ్లీ అవే ఆవాలు కాగిన నూనెలో పడి చిటపటలాడితే ఆ ఘాటు జాడ కూడా ఉండదు. పనసపొట్టు కూరలో ఆవ పెట్టేవాళ్లు నూరిన ముద్దను చివర్లో, పొయ్యి దించాక కలుపుతారు. ఎందుకని అడిగితే వేడికి ఘాటు పోతుందంటారు. వాళ్లు చెప్పేది అక్షరాలా నిజం.

ఆవగింజలో ఘాటు ముందే తయారై ఉండదు. దాన్ని తయారుచేసే రెండు సరుకులు మాత్రం వేర్వేరు అరల్లో ఉంటాయి. ఒకటి గ్లూకోసినోలేట్ అనే పదార్థం, రెండోది మైరోసినేజ్ అనే ఎంజైమ్. గింజ గింజగా ఉన్నంతకాలం ఆ రెండూ కలవవు. రోట్లో పడి అరల గోడలు పగిలితే, నీటి తడి తగిలితే, ఎంజైమ్ తన పని మొదలుపెడుతుంది. అప్పుడు పుట్టేదే ఆ ఘాటు నూనె. నూనె కాగే వేడికి ఎంజైమ్ పాడైపోతుంది కాబట్టి పోపులో ఆవాలు కమ్మగా ఉంటాయి.

ఈ ఏర్పాటు మన వంటింటి కోసం పుట్టింది కాదు. ఆకుని కొరికే పురుగు నోరే ఇక్కడ రోలు. ఆవ, ముల్లంగి, క్యాబేజీ కుటుంబం మొత్తానికీ ఇదే ఆయుధం. కొరికిన పురుగుకి మొదటి ముద్దలోనే బాంబు పేలినట్టు అవుతుంది. శాస్త్రవేత్తలు కూడా దీన్ని ఆవనూనె బాంబు అనే పిలుస్తారు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఇంత మంచి ఆయుధం ఉన్నప్పుడు మొక్క దాన్ని ఒళ్లంతా ఎప్పుడూ దట్టించుకుని ఎందుకు ఉండదు? మన చుట్టూ ఉన్న మొక్కలన్నీ తినడానికి వీల్లేనంత చేదుగా, విషంగా ఎందుకు లేవు? ఈ ప్రశ్న చుట్టూ దాదాపు మూడు దశాబ్దాలుగా పనిచేస్తున్న జీవావరణ శాస్త్రవేత్త అనురాగ్ అగ్రవాల్. అమెరికాలోని పెన్సిల్వేనియాలో భారతీయ కుటుంబంలో పుట్టారు. ఇప్పుడు న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో, కార్నెల్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. ఆయన పరిశోధనలన్నీ కలిపి చదివితే ఒక మాట మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. రక్షణకి ఖర్చవుతుంది. మొక్క చేతిలో ఉన్న సంపాదన ఒకటే. ఆకుని తయారుచేసే ఎండ, నీరు, నత్రజనితోనే వేరు పెరగాలి, పువ్వు పూయాలి, గింజ కట్టాలి. విషం కూడా అందులోంచే రావాలి.

మొక్కల్లోని చేదు, వగరు, విషం అంతా ఒంట్లో పోగుపడిన వ్యర్థమేనని ఒకప్పుడు చాలామంది అనుకునేవారు. అవి పురుగుల్ని ఆపడానికే ఉన్నాయని 1959లో గాట్‌ఫ్రీడ్ ఫ్రాంకెల్ అనే శాస్త్రవేత్త గట్టిగా వాదించాడు. 1964లో పాల్ ఎర్లిక్, పీటర్ రేవెన్ సీతాకోకచిలుకలను ఉదాహరణగా తీసుకుని మరో అడుగు వేశారు. మొక్క కొత్త విషం తయారుచేస్తే పురుగు దానికి విరుగుడు సంపాదిస్తుంది. ఆ విరుగుడుకి మొక్క మళ్లీ కొత్త విషం వెతుకుతుంది. ఇలా కోట్ల ఏళ్లుగా ఒకదాన్నొకటి మార్చుకుంటూ వచ్చాయన్నది వాళ్ల ఆలోచన. అగ్రవాల్ తరం వాళ్లు చేసింది ఏమిటంటే, ఆ ఆలోచనని పట్టుకుని పొలంలోకి దిగి మొక్కల్ని లెక్కపెట్టడం.

ఈ కథలో మొదటి మలుపు 1972లో వచ్చింది. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో క్లారెన్స్ ర్యాన్ బృందం టమాటా, బంగాళాదుంప మొక్కల మీద పురుగుల్ని వదిలి చూసింది. ఒక ఆకుని పురుగు కొరికితే, కొరకని ఆకుల్లో కూడా పురుగు పొట్టలో తిండిని అరగనివ్వని ప్రోటీన్లు తయారవడం కనిపించింది. అంటే మొక్కలో కబురు ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్తోంది. ఆ కబురు మోసేవాటిలో ముఖ్యమైనది జాస్మోనిక్ ఆమ్లం. ఆ పేరులో ఉన్నది జాస్మినే, మన జాజిమల్లె కుటుంబమే. దాని దగ్గరి రూపమైన మిథైల్ జాస్మోనేట్ జాజిపూల నూనెలోని సువాసనల్లో ఒకటి. జడలో తురుముకున్న జాజుల వాసనలో ఉన్న ఆ పదార్థమే టమాటా ఆకుకి తగిలితే పురుగు వచ్చిందన్న హెచ్చరికగా పనిచేస్తుంది. 1990లో ఎడ్వర్డ్ ఫార్మర్, ర్యాన్ కలిసి ఇది గాలిలో వచ్చి తగిలినా సరే టమాటా మేల్కొంటుందని చూపించారు.

అంటే మొక్కకి రెండు రకాల రక్షణ ఉందన్నమాట. ఎప్పుడూ ఒంటి మీద ఉండేది ఒకటి, దెబ్బ తగిలాక పిలిస్తే వచ్చేది మరొకటి. రెండోది ఎందుకుందో ఊహించడం కష్టం కాదు. పురుగు రాని ఏడాది ఆ ఖర్చు మిగులుతుంది. కానీ పిలిస్తే వచ్చే రక్షణ వల్ల మొక్కకి చివరికి లాభం ఉందా? ప్రయోగశాలలో పురుగు చిక్కిపోవడం వేరు, పొలంలో మొక్క ఎక్కువ గింజలు కట్టడం వేరు. అగ్రవాల్ కాలిఫోర్నియాలోని డేవిస్‌లో పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. అడవి ముల్లంగి మొక్కలు లేతగా ఉన్నప్పుడు కొన్నిటి మీద క్యాబేజీ తెల్ల సీతాకోక పురుగులతో ఒక ఆకు తినిపించారు. కొన్నిటికి అంతే ఆకుని కత్తెరతో తీసేశారు. కొన్నిటిని ముట్టుకోలేదు. తర్వాత సీజనంతా పొలంలో వచ్చే పురుగులకి వదిలేశారు.

మొదట్లో పురుగు కొరికిన మొక్కలకి ఆ తర్వాత వచ్చిన పురుగుల బెడద తగ్గింది. కారుపోయేసరికి వాటి విత్తనాల లెక్క మిగతావాటి కంటే బాగుంది. 1998లో అచ్చయిన ఈ ఫలితం నాకు చాలా ఇష్టం. చిన్నప్పుడు తగిలిన చిన్న దెబ్బ మొక్కని ముందే సిద్ధం చేసిందన్నమాట. మరుసటి ఏడాది ఇంకా ఆశ్చర్యమైన సంగతి బయటపడింది. పురుగు కొరికిన ముల్లంగి తల్లుల గింజలు నాటితే, ఆ పిల్లమొక్కల మీద పురుగులు సరిగా పెరగలేదు. పిల్లమొక్కకి పురుగు ఇంకా తగలనే లేదు. తల్లికి తగిలిన దెబ్బ గింజ ద్వారా చేరింది. జన్యువుల అక్షరాలు మారకుండానే ఒక తరం అనుభవం మరో తరానికి అందడం అది.

ముల్లంగి తర్వాత ఆయన మిల్క్‌వీడ్ దగ్గరికి వెళ్లారు. పేరుకి అమెరికా మొక్క కానీ మనకి కొత్తది కాదు. మిల్క్‌వీడ్‌, మన జిల్లేడు ఒకే కుటుంబం. రథసప్తమి నాడు తల మీద, భుజాల మీద పెట్టుకుని స్నానం చేసే జిల్లేడు ఆకుని తుంచితే కారే తెల్లటి పాలు మిల్క్‌వీడ్‌లోనూ అలాగే కారతాయి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదమని పిల్లలకి చెప్పి పెంచుతాం. మేకలు కూడా మామూలుగా దాని జోలికి పోవు. ఊరి చివర అన్నీ మేసేసిన బీడులో ఆ మొక్క ఒక్కటే పచ్చగా నిలబడి ఉండటం చూసే ఉంటారు.

అయినా జిల్లేడు పొద దగ్గర ఓ పది నిమిషాలు కూర్చుని చూడండి. ఆకు అడుగున తెలుపు, నలుపు, పసుపు చారల గొంగళి పురుగు కనిపిస్తుంది. వీపు మీద నల్లటి మెత్తని కొమ్ముల్లాంటివి మూడు జతలు ఉంటాయి. అది ప్లెయిన్ టైగర్ అనే నారింజ రంగు సీతాకోక పిల్ల. లేత కొమ్మకి పసుపు రంగు పేనుబంక గుంపుగా అంటుకుని ఉంటుంది. ఒక్కోచోట పసుపు, నీలి రంగుల పెద్ద మిడత కూడా కనబడుతుంది. ఊరంతా భయపడే మొక్క వీటికి అన్నం. ఆ పేనుబంక జాతే అమెరికాలో మిల్క్‌వీడ్ మీద కూడా ఉంటుంది. ప్లెయిన్ టైగర్‌కి దగ్గరి బంధువు మోనార్క్. కెనడా, అమెరికాల నుంచి మెక్సికో కొండల్లోని ఫర్ చెట్ల అడవికి వేల కిలోమీటర్లు వలసవెళ్లే సీతాకోక అదే. మోనార్క్ పిల్లలకి మిల్క్‌వీడ్ తప్ప వేరే తిండి లేదు.

ఈ మొక్కకి పాలు మొదటి కోట. ఆకులోని సన్నటి గొట్టాల్లో పాలు ఒత్తిడితో నిండి ఉంటాయి. ఎక్కడ గాటు పడితే అక్కడికి క్షణంలో ఉబికి వచ్చి, గాలి తగిలి జిగురుగా గట్టిపడతాయి. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన మోనార్క్ పురుగు మన చేతిలో పెన్సిల్ గీతంత కూడా ఉండదు. మొదటిసారి కొరికేటప్పుడు ఒక్క పాలబొట్టు మూతికి అంటుకుంటే చాలు, దాని బతుకు అక్కడితో సరి. చాలా పిల్లపురుగులు అలాగే ఆ బొట్టులో మునిగి చనిపోతాయి. బతికేవి ఒక పని చేస్తాయి. ముందు ఆకు మీద గుండ్రంగా చిన్న గాడి కొరుకుతాయి. గొట్టాలు తెగి, గాడి లోపలి భాగానికి పాలు రావడం ఆగిపోతుంది. అప్పుడు ఆ గుండ్రం లోపల నింపాదిగా తింటాయి. పెద్దయ్యాక ఆకు తొడిమ దగ్గర నడిమి ఈనెనే కొరికేస్తాయి. ఆకు వేలాడిపోతుంది, పాలు ఎండిపోతాయి, పురుగు కొస నుంచి తినడం మొదలెడుతుంది. కాలవకి అడ్డుకట్ట వేసి కింది మడిలో పని చేసుకునే రైతుని తలపిస్తుంది ఆ దృశ్యం.

పాలని దాటినా రెండో కోట ఉంది. మిల్క్‌వీడ్, జిల్లేడు ఆకుల్లో కార్డినోలైడ్ అనే విషాలు ఉంటాయి. గుండెజబ్బుకి డాక్టర్లు చాలా కొద్ది మోతాదులో ఇచ్చే డిజాక్సిన్ ఈ తెగకి చెందినదే. ఇవి ఎక్కడ దెబ్బకొడతాయో తెలిస్తే వీటి తీవ్రత అర్థమవుతుంది. జంతువుల కణాల పొరలో ఒక పంపు ఉంటుంది. అది మూడు సోడియం అయాన్లను బయటికి తోసి రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. నరం సంకేతం మోయాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా ఈ పంపు తిరుగుతూ ఉండాలి. కార్డినోలైడ్ సూటిగా వెళ్లి ఆ పంపులో ఇరుక్కుంటుంది. పురుగు పంపు, పక్షి పంపు, మనిషి పంపు ఒకే నమూనా కాబట్టి ఒకే విషం అందరికీ పనిచేస్తుంది.

మరి మోనార్క్ ఎలా బతుకుతోంది? ఆ పంపు దాదాపు వెయ్యి అమైనో ఆమ్లాల గొలుసు. మోనార్క్‌లో ఆ గొలుసులో కొన్ని పూసలు మారాయి. అందులో ముఖ్యమైనది 122వ స్థానం. అక్కడ ఉండాల్సిన ఆస్పరాజిన్ పోయి హిస్టిడిన్ వచ్చింది. తాళం కప్ప లోపల ఒక పన్ను అరగదీస్తే పాత తాళంచెవి సరిగా కూర్చోదు, అలాంటిదే ఇది. ఇంకా విశేషం ఏమిటంటే, ఈ విషపు మొక్కల్నే తినే పెంకుపురుగుల్లో, ఈగల్లో కూడా అదే స్థానంలో మార్పు జరిగిందని 2012లో వెలువడిన పరిశోధనలు చూపించాయి. ఒకదానితో ఒకటికి సంబంధం లేని పురుగులు వేర్వేరు కాలాల్లో వెతుక్కుంటూ అదే సందుకి చేరాయి.

2019లో బర్క్‌లీలోని నోవా వైట్‌మన్ ప్రయోగశాల, అగ్రవాల్ తదితరులతో కలిసి, దీన్ని తిరగేసి పరీక్షించింది. అరటిపండు తొక్క మీద ముసిరే చిన్న ఈగల జన్యువుల్లో మోనార్క్ పంపులోని మూడు మార్పుల్ని, 111, 119, 122 స్థానాల్లో, పెట్టారు. అవి మిల్క్‌వీడ్ కలిపిన తిండి తిని బతికాయి. మోనార్క్‌లాగే కాస్త విషాన్ని ఒంట్లో పెద్దయ్యేదాకా నిలుపుకున్నాయి కూడా. అయితే ఈ ప్రయోగంలో నన్ను ఆపేసిన సంగతి వేరే ఉంది. మార్పులు ఒక్కొక్కటే విడిగా పెట్టినప్పుడు కొన్ని ఈగలకి జబ్బు చేసింది. సీసాని గట్టిగా కుదిపితే మూర్ఛ వచ్చినట్టు పడిపోయేవి. 119వ స్థానంలో మార్పు తోడైతేనే ఆ జబ్బు తగ్గింది. పంపుని మార్చుకోవడం పురుగుకి కూడా ఉచితంగా రాలేదు. మొక్క ఖర్చు గురించి మొదలైన లెక్క పురుగు పద్దులోనూ ఉంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. విషపు ఆకు తినాలంటే విషాన్ని తట్టుకునే పంపు ఉండి తీరాలని అనుకుంటాం. అగ్రవాల్, జర్మనీకి చెందిన గియోర్గ్ పెట్ష్‌చెంకా 2015లో ఇది నిజమేనా అని చూశారు. వాళ్లు పరీక్షించిన జాతుల్లో ఒకటి మన ఇళ్ల ముందు ఉండేదే. గన్నేరు చెట్టు ఆకు అడుగున అద్దంలా మెరిసే వెండి రంగు గూడు ఎప్పుడైనా చూశారా? చెవికి పెట్టుకునే లోలాకులా వేలాడుతుంది. అది కామన్ క్రో అనే గోధుమ రంగు సీతాకోకది. గన్నేరులోనూ కార్డినోలైడ్లు ఉన్నాయి. కానీ ఈ సీతాకోక పంపులో మోనార్క్‌కి వచ్చిన మార్పులు రాలేదు, పంపు మామూలుదే. అయినా దాని పిల్ల ఆ ఆకులు తిని పెరుగుతుంది, ఎందుకంటే విషాన్ని ఒంట్లో నిలవ ఉంచుకోదు.

మోనార్క్ మాత్రం నిలవ ఉంచుకుంటుంది. 1960ల్లో లింకన్ బ్రోవర్ మోనార్క్‌లను నీలి జే పక్షులకి తినిపిస్తే అవి వాంతి చేసుకున్నాయి, ఆ తర్వాత ఆ రంగు చూస్తేనే ముట్టలేదు. పక్షుల నుంచి తప్పించుకోవడానికి ఒంటి నిండా విషం నింపుకునే సీతాకోకకే మార్చిన పంపు అవసరమని ఆ 2015 పరిశోధన చెప్పింది. మొక్కకీ పురుగుకీ మధ్య అనుకున్న పోరులో మూడో పాత్ర పక్షి. అది లేకపోతే కథ ఇంత దూరం వచ్చేది కాదేమో.

మొక్క ఊరుకుందా? 2021లో అగ్రవాల్ బృందం ఉష్ణమండల మిల్క్‌వీడ్ ఆకుల్లో వోరుస్కారిన్ అనే కార్డినోలైడ్‌ని పరీక్షించింది. మిగతావాటికి భిన్నంగా దీనిలో నత్రజని, గంధకం ఉన్న ఒక వలయం అతుక్కుని ఉంటుంది. మోనార్క్ బలపరుచుకున్న పంపుని కూడా ఇది గట్టిగా దెబ్బతీస్తుంది. పురుగు దాన్ని అలాగే దాచుకోలేక, విరగ్గొట్టి కాలోట్రోపిన్, కలాక్టిన్ అనే తేలికపాటివిగా మార్చుకుని నిలవ చేస్తుంది. ఆ మార్పిడికి దాని ఎదుగుదల కొంత తగ్గుతుంది. కాలోట్రోపిన్ అన్న పేరు జిల్లేడు శాస్త్రీయనామం కాలోట్రోపిస్ నుంచి వచ్చింది. వోరుస్కారిన్ కూడా జిల్లేడులో ఉంది. అంటే కాలవగట్టు మీద మన జిల్లేడు ఆకులో ఉన్నది అమెరికా మోనార్క్‌ని ఇబ్బంది పెడుతున్న ఆ సరుకే.

ఈ పోరు ఇలా పైపైకి పెరుగుతూ పోవాలి కదా, మొక్క జాతులన్నీ కాలంతోపాటు మరింత విషపూరితం కావాలి కదా? అగ్రవాల్, మార్క్ ఫిష్‌బీన్ మిల్క్‌వీడ్ జాతుల వంశవృక్షం గీసి చూస్తే అన్నీ అటు వెళ్లలేదని తేలింది. 2008లో వాళ్లు ప్రచురించిన లెక్క ప్రకారం, కొత్తగా చీలిన శాఖల్లో పాలు, కార్డినోలైడ్లు తగ్గుతూ వచ్చాయి. దానికి బదులు తిన్నాక తిరిగి చిగురించే శక్తి పెరిగింది. మోనార్క్ లాంటి నిపుణుడు ఎదురైనప్పుడు ఇంకా గోడ కట్టడం దండగ. పోయిన ఆకు పోనీ, వేరులో దాచుకున్న బలంతో మళ్లీ లేద్దాం అన్న దారి అది. మేకలు మేసిన తుమ్మ, కొట్టేసిన మునగ మళ్లీ చిగురించడం చూసినవాళ్లకి ఈ దారి తెలియనిది కాదు. రక్షణ అంటే ఎదిరించడం ఒక్కటే అనుకునేవాళ్లం మనం, ఓర్చుకోవడం కూడా అందులో భాగమే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పురుగు ఉన్నప్పటి సంగతులు. పురుగుని తీసేస్తే మొక్క ఏమవుతుంది? నా దృష్టిలో ఆయన చేసిన అన్నిటిలోకీ మన రైతులకి దగ్గరైన ప్రయోగం ఇదే. ఈవెనింగ్ ప్రిమ్రోజ్ అనే మొక్క ఉంది, సాయంత్రం పసుపు పూలు పూస్తుంది. దాని గింజల నూనె క్యాప్సూళ్లు మందుల షాపుల్లో దొరుకుతాయి. అగ్రవాల్ బృందం దీన్ని ఇథాకాలో పొలం మడుల్లో నాటింది. సగం మడుల్లో క్రమం తప్పకుండా పురుగుమందు కొట్టారు, సగం వదిలేశారు. ఏళ్ల తరబడి మొక్కలు వాటంతట అవే గింజలు రాల్చుకుని మొలిచేలా చూశారు. దాదాపు 12,000 మొక్కల జన్యువుల్ని, గుణాల్ని పోల్చి 2012లో ఫలితాలు ప్రకటించారు.

మూడు నాలుగేళ్లలోనే రెండు వైపులా మొక్కలు వేరైపోయాయి. పురుగులున్న మడుల్లోని మొక్కలు గింజలు తినే చిమ్మట పురుగుల తాకిడి తప్పించుకోవడానికి ఆలస్యంగా పూసేవి, కాయల్లో ఎల్లాజిటానిన్ అనే వగరు పదార్థాన్ని ఎక్కువ ఉంచుకునేవి. మందు కొట్టిన మడుల్లో ఆ గుణాలున్న మొక్కలు తగ్గి, త్వరగా పూసేవి, కాయల్లో వగరు తక్కువున్నవి పెరిగాయి. ఆ మడుల్లో పక్కన డాండెలయన్ అనే కలుపు కూడా విజృంభించింది, దానికీ పురుగుల బెడద తప్పింది కాబట్టి. దానితో పోటీపడి నెగ్గే ప్రిమ్రోజ్‌లకి గిరాకీ పెరిగింది. రక్షణకి పెట్టే ఖర్చు మిగిలింది, మొక్క దాన్ని వేరే పనికి వాడుకుంది. పరిణామం అంటే లక్షల ఏళ్ల వ్యవహారం అనుకుంటాం. ఒక పీహెచ్‌డీ విద్యార్థి చదువు పూర్తయ్యేలోగా ఇది కళ్లముందు జరిగింది.

దీన్ని మన పొలాలకి నేరుగా అతికించడం తప్పు. మన పత్తి, వరి గింజ రాలి తిరిగి మొలవదు, రైతు ఏటా కొంటాడు లేదా దాచుకున్న విత్తనం వేస్తాడు. కాబట్టి రైతు మందు కొట్టినంత మాత్రాన ఆ పొలంలో పత్తి తన రక్షణని వదులుకోదు. కానీ ఆ రకాన్ని ఎంపిక చేసిన మడి ఒకటుంటుంది. పురుగుని తట్టుకునే గుణం కోసం చేసే పరీక్షలు వేరేగా జరుగుతాయి, నిజమే. అయినా దిగుబడి పోల్చే మడుల్లో మందు కొట్టి పైరుని కాపాడటం మామూలే. అక్కడ గెలిచేది ఏ మొక్క? రక్షణ మీద ఖర్చు తగ్గించి గింజ మీద పెట్టిన మొక్క. పొలంలో మందు లేనినాడు ఆ మొక్కకి దిక్కెవరు? ప్రిమ్రోజ్ మడుల గురించి చదివినప్పటి నుంచి నాకు ఈ ప్రశ్న వదలడం లేదు.

పత్తి దగ్గర ఈ లెక్క చాలా స్పష్టంగా కనిపిస్తుంది. పత్తి ఆకుని వెలుగుకి పెట్టి చూస్తే నల్లటి చిన్న చుక్కలు కనిపిస్తాయి. గింజ పప్పులోనూ అవే చుక్కలు. అందులో గాసిపాల్ అనే విషం ఉంటుంది. దానివల్లే పత్తిగింజ పిండిని మనుషులు తినలేరు, నూనెని శుద్ధి చేయక తప్పదు. అమెరికాలో ఒకప్పుడు ఈ చుక్కలే లేని పత్తిని తయారుచేశారు. గింజ తినడానికి పనికొచ్చింది కానీ, అంతకుముందు పత్తి జోలికి రాని పురుగులు కూడా వచ్చి పడ్డాయి. ఆ పత్తి నిలవలేదు. తర్వాత టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో కీర్తి రాథోడ్ వేరే దారి పట్టారు. గింజలో మాత్రమే గాసిపాల్ తగ్గించి, ఆకులో, మొగ్గలో యథాతథంగా ఉంచారు. 2006లో ఫలితం ప్రచురించారు, 2018లో అమెరికా వ్యవసాయ శాఖ సాగుకి అడ్డు తొలగించింది. మొక్క ఖర్చుని పూర్తిగా కొట్టేయకుండా, ఏ భాగంలో అవసరమో అక్కడే ఉంచిన పని అది.

ఒక రక్షణ అందరి మీదా ఒకేలా పనిచేయదన్న సంగతి కూడా పత్తి రైతుకి తెలుసు. ఆకు మీద నూగు దట్టంగా ఉంటే పచ్చదోమ నిలవలేదు. అదే నూగు తెల్లదోమకి నచ్చుతుంది, శనగపచ్చ పురుగు తల్లి గుడ్లు పెట్టడానికీ అనువు. కీరదోసలో ఇలాంటిదే 1971లో తేలింది. చేదు జన్యువున్న కీర మొక్కల్ని నల్లులు (ఆకు రసం పీల్చే మైట్లు) పెద్దగా తినలేవు, దోస పెంకుపురుగులకి మాత్రం ఆ చేదే ఇష్టం. చేదు తీసేస్తే పెంకుపురుగులు తగ్గి నల్లులు పెరుగుతాయి. కీర కోసేముందు కొస తరిగి రుద్ది నురగ తీసేటప్పుడు మనం పోగొట్టాలనుకునేది ఆ కుకుర్బిటాసిన్ చేదునే. దోసకాయ ముక్క నాలుక మీద పెట్టి చూసి కూరలో వేసే అలవాటు కూడా అందుకే. (సొరకాయ చేదుగా ఉంటే మాత్రం రుచి చూడటంతో ఆపి పారేయండి, ఆ రసం తాగి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు.)

ఒకే గోడ మీద ఆధారపడితే ఏమవుతుందో వరి చూపించింది. 1973లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ సుడిదోమని తట్టుకునే ఐఆర్26 రకాన్ని విడుదల చేసింది. దాని బలమంతా ప్రధానంగా ఒక్క జన్యువు మీద ఉంది. రెండు మూడేళ్లలోనే ఆ జన్యువుని దాటగల దోమలు పెరిగిపోయాయి. మొక్కజొన్నలో కత్తెర పురుగు సంగతీ అంతే. మొక్కజొన్న ఆకు కొరికితే విడుదలయ్యే విషానికి ఆ పురుగు తన పొట్టలో ఒక చక్కెర అణువుని తిరిగి తగిలించి పనిచేయకుండా చేస్తుంది. 2018లో అది మన దేశంలోకి వచ్చేసరికే ఆ విద్య నేర్చి ఉంది.

వీటికి పక్కన జిల్లేడుని పెట్టి చూడండి. దానికి పాలున్నాయి, ఆకు మీద నూగుంది, రకరకాల కార్డినోలైడ్లున్నాయి, నరికినా చిగురించే వేరుంది. ఒకటి తెగినా ఇంకొకటి ఉంటుంది. అయినా దాని మీద ప్లెయిన్ టైగర్ పిల్ల తింటూనే ఉంది. పురుగు బతికే ఉంటుంది, పొద కూడా బతికే ఉంటుంది.

ఈసారి విత్తన దుకాణంలో ప్యాకెట్ మీద దిగుబడి అంకె చూశాక ఇంకో మాట కూడా అడగండి. ఈ రకాన్ని మందు కొట్టని మడిలో ఎన్ని సీజన్లు చూశారు? అప్పుడు ఎంత పండింది? ఆ రెండో అంకె ప్యాకెట్ మీద అచ్చయి ఉండటం నేను ఇంతవరకూ చూడలేదు.